లెక్క చదివి వినిపించండి

ఉపాధి కూలి దగ్గర దొరికే దొంగ, సిమెంటు బస్తా దగ్గర ఎలా తప్పించుకుంటున్నాడు? ఇరవయ్యేళ్ల సామాజిక తనిఖీ నేర్పిన సంగతులు

పొద్దున్నే, ఊరు ఇంకా పనుల్లోకి పోకముందే, ఇద్దరు ముగ్గురు యువతీయువకులు వాకిట్లోకి వస్తారు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో కాగితాల కట్ట. చుట్టుపక్కల ఊళ్ల కూలోళ్ల పిల్లలే గానీ ఈ ఊరివాళ్లు కారు. కాకూడదని నిబంధన. నిజామాబాద్ జిల్లా ధర్పల్లి మండలంలోనైనా, పక్కనున్న సిరికొండలోనైనా, ఇందల్వాయిలోనైనా ఆ తర్వాత మాటలు దాదాపు ఒకే తీరున నడుస్తాయి.

"అవ్వా, జాబు కార్డు జర తీస్తవా?"

"అండ్ల ఏం రాసుందో నాకేమెరుక బిడ్డా. నువ్వే సూడు."

"ఎండకాలంల చెరువు పనికి పోయినవ్ గదా. ఎన్ని దినాలు చేసినవ్?"

"రెండు వారాలు. నడిమిట్ల మూడు దినాలు పోలే. మా చెల్లె బిడ్డ లగ్గముండె."

"కాగితంల ఆ మూడు దినాలు గూడ నువ్వు పనిల ఉన్నట్టే ఉంది."

"నేను లగ్గంల ఉంటి. కావాలంటే ఊరందర్ని అడుగు."

ప్రభుత్వ పారదర్శకత గురించి నగరాల్లో ఏసీ హాళ్లలో మాట్లాడుకునేదంతా ఈ లగ్గం దగ్గర తేలిపోతుంది. హైదరాబాద్ నుంచి ఆడిటర్ వచ్చి ఇదే హాజరు పట్టీ, అంటే మస్టర్ రోల్ చూస్తే ఏ తప్పూ కనిపించదు. కూడిక సరిపోతుంది. వేలిముద్ర ఉంటుంది. కొలతల పుస్తకంలో అంకె, బిల్లులో అంకె ఒకటే ఉంటాయి. ఆ మూడు రోజులు ఆమె పనిలో లేదన్న సంగతి రెండు చోట్లే ఉంది: ఆమెకు తెలుసు, ఆమెతో పాటు పందిట్లో కూర్చున్న చుట్టాలకు తెలుసు. ఆ ఎరుకను కాగితం పక్కన పెట్టి చూడటమే సామాజిక తనిఖీ. గల్ఫ్‌లో ఉన్న మనిషి ఇక్కడ తట్ట మోసినట్టు, చనిపోయినవాళ్లు కందకం తవ్వినట్టు రాసిన మస్టర్లు బయటపడిందీ ఇలాగే. ఇంటికొకరు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉండే నిజామాబాద్ పల్లెల్లో ఎవరు ఎప్పుడు విమానం ఎక్కారో వాడకట్టంతా నోటికి చెబుతుంది.

ఈ పద్ధతి మన దగ్గర పుట్టింది కాదు. రాజస్థాన్‌లోని పాలీ జిల్లా కోట్ కిరానా గ్రామంలో 1994 డిసెంబరు 2న మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ మొదటి జన సున్వాయీ (ప్రజా విచారణ) పెట్టింది. అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ వంటివారు నడిపిన సంఘం అది. చేసింది చాలా చిన్న పని: పంచాయతీ పనుల బిల్లులు, మస్టర్లు సంపాదించి జనం మధ్య గట్టిగా చదివారు. కట్టని గోడలకు బిల్లులు, రాని కూలీల పేర్లు ఒక్కొక్కటీ బయటపడ్డాయి. కాగితాలు ఇవ్వబోమని అధికారులు మొండికేయడంతో 1996లో బియావర్‌లో 40 రోజుల ధర్నా జరిగింది. ఆ పోరాటపు దారే 2005లో సమాచార హక్కు చట్టం దాకా వచ్చింది. అంటే ఈ దేశంలో సమాచార హక్కు పుట్టింది పత్రికాఫీసుల్లో కాదు, కనీస కూలి అడిగినవాళ్ల నోట.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. తొలి విడతలో ఉమ్మడి రాష్ట్రానికి 13 జిల్లాలు వచ్చాయి, వాటిలో నిజామాబాద్ ఒకటి. చట్టంలోని 17వ సెక్షను ప్రతి పనినీ గ్రామసభ తనిఖీ చేయాలంది. చాలా రాష్ట్రాలు ఆ సెక్షనును ఫైల్లోనే పడుకోబెట్టాయి. ఆంధ్రప్రదేశ్ గ్రామీణాభివృద్ధి శాఖ మాత్రం, కె.రాజు కార్యదర్శిగా ఉన్న కాలంలో, విచిత్రమైన పని చేసింది: తన తప్పులు పట్టడానికి తానే మనుషుల్ని పెట్టుకుంది. రాజస్థాన్ సంఘంలో పనిచేసిన సౌమ్య కిదాంబి వచ్చి ఆ పనికి నడక నేర్పారు. 2009లో సామాజిక తనిఖీ, జవాబుదారీ, పారదర్శకత సంస్థ విడిగా ఏర్పడింది. 2012లో రాష్ట్రం ఇందుకోసం చట్టమే చేసింది. 2011లో కేంద్రం దేశమంతటికీ తనిఖీ నిబంధనలు రాసినప్పుడు ముందున్న అనుభవం ప్రధానంగా ఇక్కడిదే. ఆరు నెలలకోసారి తనిఖీ జరగాలి, రికార్డులు 15 రోజుల ముందే తనిఖీ బృందం చేతికి రావాలి అని ఆ నిబంధనలు చెబుతాయి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఉపాధి హామీ లెక్కలు మొదటినుంచీ కంప్యూటర్లో ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు. పాస్‌వర్డు అక్కర్లేదు. జిల్లా, మండలం, ఊరు నొక్కుకుంటూ పోతే ఏ కుటుంబానికి ఏ వారం ఎంత కూలి పడిందో తెర మీదకు వస్తుంది. ఇంత బాహాటంగా లెక్క తెరిచిపెట్టిన పథకం దేశంలో ఇంకోటి ఉందా అంటే నాకు అనుమానమే. కానీ ఆ వెబ్‌సైటు చూసి తన మూడు రోజుల తేడా పట్టుకున్న అవ్వ ఎంతమంది ఉంటారు? అందుకే తెర మీది అంకెను అచ్చు తీసి, చేతబట్టుకుని ఇంటింటికీ నడిచే మనిషి కావాల్సి వచ్చింది.

మైకు ముందు మండలం

ఊళ్లలో తనిఖీ ముగిశాక మండల కేంద్రంలో ప్రజావేదిక. ఎంపీడీవో ఆఫీసు ఆవరణలో షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, సౌండు సరిగా పట్టని మైకు. ముందు వరుస బల్ల మీద జిల్లా నుంచి వచ్చిన అధికారులు, పక్కన ఎంపీడీవో, ఏపీవో. కింద ఒక మూల ఫీల్డ్ అసిస్టెంట్లు, టెక్నికల్ అసిస్టెంట్లు బిక్కుబిక్కుమంటూ ఉంటారు. ఊరి పేరు పిలుస్తారు. తనిఖీ బృందంలోని పిల్ల లేచి చదువుతుంది: ఫలానా పనిలో ఫలానా వారం ఇంతమంది పనికి రాకపోయినా హాజరు వేశారు, ఫలానా నర్సరీలో బిల్లు ఇన్ని మొక్కలకు, ఉన్నవి ఇన్ని, ఫలానా చోట పని బోర్డు లేదు. సంబంధిత ఉద్యోగి అక్కడే నిలబడి జవాబు చెప్పాలి. తప్పని తేలితే రికవరీ, జరిమానా, కొన్నిసార్లు సస్పెన్షన్. మర్నాడు పత్రికల జిల్లా పేజీలో ఒక మూల చిన్న వార్త: ఇంత రికవరీ, అంత జరిమానా.

ఈ తంతు రాత్రి దాకా సాగుతుంది. చూసేవాడికి విసుగు పుడుతుంది కూడా. అయినా అందులో ఒక క్షణం కోసం ఎంతసేపైనా కూర్చోవచ్చు. తన పేరు మీద కూలి కాజేసిన మేటు ఎదురుగానే ఉన్నా లేచి, కొంగు నడుముకు చుట్టుకుని, మైకు అందుకుని "నేను ఆ దినం పనికి పోలే సారూ" అని చెప్పే ఆడమనిషిని చూడాలి. రేపట్నుంచి ఆమెకు పని ఇవ్వాల్సింది అదే మేటు. ఆ సంగతి తెలిసే మాట్లాడుతుంది. కొందరు మాట్లాడరు. ఇంటి దగ్గర చెప్పిన మాట వేదిక దగ్గరికి వచ్చేసరికి మారిపోతుంది. "రాసుకున్నరేమో సారూ, నాకు యాదికి లేదు" అంటారు. రాత్రికి రాత్రి ఎవరో ఇంటికొచ్చి వెళ్లి ఉంటారు. తనిఖీ బృందాలు రాతపూర్వకంగా వాంగ్మూలాలు తీసుకునేది ఇందుకే.

ఇంతవరకు అంతా గర్వంగా చెప్పుకునే కథ. తర్వాతి భాగం అంత సాఫీగా ఉండదు.

ఫర్జానా అఫ్రిది, వెగార్డ్ ఐవర్సెన్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు 2006 నుంచి 2010 దాకా ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన సామాజిక తనిఖీ నివేదికలను వరుసపెట్టి చదివారు. ఒకే ఊళ్లో ఒక దఫా తర్వాత ఇంకో దఫా తనిఖీ జరిగినకొద్దీ అక్రమాలు తగ్గాలి కదా? మొత్తంగా తగ్గలేదు. కూలి చెల్లింపుల్లో దొరికిపోయే మోసాల నుంచి సామగ్రి బిల్లుల్లో అంత తేలిగ్గా దొరకని మోసాల వైపు అవి జరిగాయి. దొంగ తెలివి మీరాడు. తేలిన సొమ్ములో పెద్ద భాగం వసూలు కానేలేదు, ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత.

దాదాపు ఇదే సంగతి ఇండోనేషియాలో ఇంకో దారిన బయటపడింది. బెంజమిన్ ఓల్కెన్ అనే ఆర్థికవేత్త జావా దీవిలో 600కు పైగా గ్రామాల్లో రోడ్ల నిర్మాణం మీద ప్రయోగం చేశాడు. కొన్ని ఊళ్లకు ప్రభుత్వ ఆడిట్ తప్పక జరుగుతుందని ముందే చెప్పారు. కొన్ని ఊళ్లలో ఊరివాళ్లను లెక్కల సమావేశాలకు ప్రత్యేకంగా పిలిచారు. తర్వాత ఇంజినీర్లు వెళ్లి రోడ్డు తవ్వి, లోపల రాయి ఎంత, ఇసుక ఎంత ఉందో కొలిచి బిల్లుతో సరిచూశారు. ఆడిట్ ఖాయమన్న చోట మాయమైన సొమ్ము 8 శాతం పాయింట్లు తగ్గింది. ఊరివాళ్లను పిలిచిన చోట సగటున పెద్దగా తేడా రాలేదు. కూలి డబ్బుల్లో దొంగతనం తగ్గింది గానీ సామగ్రిలో తగ్గలేదు.

2007లో ఆ పరిశోధన అచ్చయినప్పుడు, ప్రజల భాగస్వామ్యం దండగ అని దాన్ని చూపించినవాళ్లున్నారు. నాకు అందులో కనిపించేది వేరు. జనానికి తమకు తెలిసిన సంగతే తెలుసు. తాను ఎన్ని రోజులు తట్ట మోసిందీ అవ్వకు తెలుసు. సీసీ రోడ్డులో ఎన్ని బస్తాల సిమెంటు కలిపిందీ ఆమెకెలా తెలుస్తుంది? ఆ రోడ్డు మీద రోజూ నడిచినా తెలియదు. ఉపాధి హామీలో సామగ్రి ఖర్చు 40 శాతం దాటకూడదని నియమం. ఆ 40 శాతంలోనే తెలంగాణ పల్లెల్లో సీసీ రోడ్లు వచ్చాయి, వైకుంఠధామాలు, డంపింగ్ షెడ్లు వచ్చాయి. కళ్లకు కనిపించే ఊరి అభివృద్ధి అంతా అందులోనే ఉంది. కళ్లకు కనపడని దోపిడీకి చోటున్నదీ అక్కడే.

కాబట్టి పారదర్శకత అంటే అన్ని కాగితాలూ అందరి ముందూ కుమ్మరించడం కాదు. ఏ కాగితం గురించి ఎవరి దగ్గర ఎరుక ఉందో, ఆ కాగితం వాళ్ల ముందుకు వెళ్లాలి. కూలి లెక్క కూలివాళ్ల దగ్గరికి, సిమెంటు లెక్క సిమెంటు తెలిసినవాడి దగ్గరికి.

ఒక ఫోను కాల్

తెలంగాణలోనే జరిగిన ఒక ప్రయోగం ఇందుకు చక్కని సాక్ష్యం. రాష్ట్రం దాటి బయట దాని గురించి చెప్పుకున్నంతగా ఇక్కడ చెప్పుకోకపోవడం విచిత్రం. 2018 మే 10న రైతులకు పెట్టుబడి సాయమిచ్చే రైతుబంధు మొదలైంది. పంటకాలానికి ఎకరాకు 4 వేల రూపాయలు. తొలిసారి బ్యాంకు ఖాతాలో వేయలేదు, ఊరూరా చెక్కులు పంచారు. ఆ చెక్కు రైతు చేతికి అందిందా లేదా అని తెలుసుకోవడానికి ప్రభుత్వం, కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్, జెఫ్రీ వీవర్ అనే పరిశోధకులు కలిసి ఒక ఏర్పాటు చేశారు. లాటరీ వేసినట్టు కొన్ని మండలాలను ఎంచి, అక్కడి వ్యవసాయాధికారులకు ముందే చెప్పారు: మీ మండలం రైతులకు మేం ఫోన్లు చేసి అడగబోతున్నాం. కాల్ సెంటర్ నుంచి రైతుకు ఫోను వెళ్లేది. చెక్కు వచ్చిందా? ఎప్పుడొచ్చింది? ఎవరైనా డబ్బులడిగారా? అంతే.

దాదాపు 57 లక్షల మంది రైతులకు వర్తించిన ఆ పథకంలో, ఫోన్లు వస్తాయని చెప్పిన మండలాల్లో చెక్కు అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది. అదనంగా రైతు చేతికి చేరిన ప్రతి రూపాయికి అయిన ఖర్చు నాలుగు పైసలు కూడా లేదు. కొత్త చట్టం లేదు, శిక్షలు లేవు, జీతాల్లో కోత లేదు. రైతును అడుగుతారన్న సంగతి అధికారికి తెలియడం ఒక్కటే జరిగింది.

ఇక్కడ అడిగిన ప్రశ్నను గమనించండి. పథకం ఎలా ఉంది, ప్రభుత్వం మీద మీ అభిప్రాయమేమిటి అని అడగలేదు. అలా అడిగితే వచ్చేది మర్యాద జవాబు. చెక్కు వచ్చిందా అన్నదానికి అవుననో కాదనో తప్ప మరో జవాబు లేదు, ఆ జవాబు రైతుకు తప్ప ఇంకెవరికీ అంత కచ్చితంగా తెలియదు. మన దగ్గర ఇప్పుడు ప్రతి సేవ తర్వాతా ఫోనుకు ఒక మెసేజ్ వస్తోంది, మీరు ఎన్ని నక్షత్రాలిస్తారు అని. దాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టకూడదు.

పాస్‌బుక్కులో లేని పొలం

భూమి రికార్డుల సంగతికి వస్తే కథ తలకిందులు. 2017 సెప్టెంబరులో భూరికార్డుల ప్రక్షాళన మొదలైనప్పుడు రెవెన్యూ బృందాలు ఊళ్లోకే వచ్చాయి. ఊళ్లో ఎవరి చెలక ఎక్కడుందో, ఎవరి అన్నదమ్ముల వాటా ఎంతో చెప్పడానికి రికార్డు అక్కర్లేదు. తగాదా ఉన్నవాటిని పార్ట్-బి అని పక్కన పెట్టారు. ఆ పక్కన పెట్టినవి ఏళ్ల తరబడి పక్కనే ఉండిపోయాయి. 2020 అక్టోబరు 29న భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. అంతకు ముందు నెలలోనే గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వో) వ్యవస్థను రద్దు చేశారు. వీఆర్వోల మీద ఊళ్లలో కోపం తక్కువేం కాదు, లంచాల కథలు అందరి దగ్గరా ఉన్నాయి. కానీ వీఆర్వో పోవడంతో ఊళ్లో అడిగే మనిషి లేకుండా పోయాడు. తెర మిగిలింది.

ధరణిలో చిన్న తప్పు దిద్దించుకోవాలన్నా మీసేవలో దరఖాస్తు, ఆ పైన కలెక్టరేట్. సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఎందుకు చేరిందో చెప్పేవాళ్లు లేరు. కౌలుదారు పేరు చూపించే అనుభవదారు కాలమ్ పోయింది. పైగా భూయజమాని కోరుకుంటే తన వివరాలు ఇతరులకు కనిపించకుండా దాచుకునే వీలు ఇచ్చారు. ప్రభుత్వానిది కంప్యూటర్ మీద నమ్మకం, రైతుది సాటి రైతు నోటిమాట మీద నమ్మకం. రెండూ కలిసే చోటు లేకుండా పోయింది. నిజామాబాద్ పల్లెల్లో గల్ఫ్ నుంచి వచ్చిన మనిషి సెలవు అయిపోయేలోపు తన ఎకరం పాస్‌బుక్కులోకి ఎక్కించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరిగి, పని కాకుండానే మళ్లీ విమానమెక్కిన కథలు ఏ హోటల్ దగ్గర కూర్చున్నా వినిపిస్తాయి.

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చాక తీరు కొంత మారింది. ముందుగా నాలుగు మండలాల్లో ప్రయోగాత్మకంగా రెవెన్యూ సదస్సులు పెట్టారు. వాటిలో కామారెడ్డి జిల్లా లింగంపేట ఒకటి, 2016 దాకా అదీ నిజామాబాద్ జిల్లాలోదే. జూన్‌లో మిగతా ఊళ్లకూ తహసీల్దార్లు టెంట్లు వేసుకుని వెళ్లారు. జనం గుట్టలుగా దరఖాస్తులు తెచ్చిచ్చారు. తెర మీద ఐదేళ్లుగా అన్నీ సక్రమంగా ఉన్నట్టు కనిపించిన రికార్డుల వెనుక ఎంత పేరుకుపోయిందో ఆ గుట్టలు చూస్తే అర్థమైంది. దరఖాస్తులు తీసుకోవడం సులువు. ఎన్ని పరిష్కారమయ్యాయో, ఎన్ని తిరస్కరించారో, ఎందుకో ఊరివారీగా పంచాయతీ గోడకు అంటిస్తే, అప్పుడు సంగతి వేరుగా ఉంటుంది.

నిజామాబాద్ మార్కెట్ యార్డుది ఇంకో రకం పాఠం, దాన్ని కాస్త క్లుప్తంగా చెప్పుకుందాం. 2016 ఏప్రిల్ 14న దేశంలో ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్ మొదలైన 21 మార్కెట్లలో నిజామాబాద్ ఉంది. ఆ పనికి మరుసటి ఏడాది జిల్లాకు ప్రధానమంత్రి పురస్కారం కూడా వచ్చింది. పసుపు కొమ్ము కుప్పకు ఏ ధర పలికిందో, మండకు ఎంతో తెర మీద కనిపిస్తుంది. అయినా ఏ సీజన్ వచ్చినా రైతుల మాట ఒకటే: వ్యాపారులు ముందే రింగు కట్టుకుంటే తెర మీద ధర కనిపించి ఏం లాభం? మహారాష్ట్రలోని సాంగ్లీ మార్కెట్‌కు లారీ కట్టుకుని పోయినవాళ్లు ఇందుకే పోయారు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ స్థానానికి 185 మంది బరిలో నిలిచారు, అందులో 170 మందికి పైగా రైతులే. గిట్టుబాటు ధర, పసుపు బోర్డు కోసం వాళ్లు బ్యాలెట్‌నే నోటీసు బోర్డు చేసుకున్నారు. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. రింగును పట్టే తెర మాత్రం ఇంకా ఎవరూ చేయలేదు.

ఇక బోధన్. చక్కెర ఫ్యాక్టరీ సైరన్ ఆగిపోయిన ఆ పట్టణం పేరు 2017లో వాణిజ్య పన్నుల కుంభకోణంతో రాష్ట్రమంతా మోగింది. పన్ను కట్టినట్టు చూపించిన చలానాలు నకిలీవని, ఖజానాకు డబ్బు చేరకుండానే చేరినట్టు లెక్కలు రాశారని ఆరోపణలు వచ్చాయి. సీఐడీ దర్యాప్తు చేసింది. కేసు సంగతి కోర్టులు చూసుకుంటాయి. నాకు ఆసక్తి కలిగించేది వేరు. అక్కడ వ్యాపారి, పన్ను కట్టిపెట్టే మధ్యవర్తి, ఆఫీసు గుమస్తా తప్ప ఆ కాగితాన్ని చూసే నాలుగో మనిషి లేడు. ధర్పల్లిలో మూడు రోజుల కూలికి ఊరంత సాక్ష్యం ఉంది. బోధన్‌లో కోట్ల చలానాకు ఊళ్లో ఒక్క సాక్షి లేడు. అలాంటి చోట జనాన్ని పిలిచి ప్రయోజనం లేదు. ఆఫీసు లెక్కను, ఖజానా లెక్కను ప్రతి రాత్రీ పక్కపక్కన పెట్టి చూసే ఏర్పాటే కావాలి.

ఫొటోకు ఫొటో

తనిఖీ చేసే మనిషికి డబ్బు ఎక్కువవుతుందని, మనిషి అమ్ముడుపోతాడని, యంత్రం పెడితే గొడవ వదులుతుందని ఢిల్లీకి ఎప్పటినుంచో ఒక ఆశ. 2023 జనవరి 1 నుంచి ఉపాధి పనుల దగ్గర రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీసి యాప్‌లో ఎక్కించడం తప్పనిసరి చేశారు. మధ్యాహ్నానికే పని ముగించుకుని ఇంటికి పోయే కూలి రెండో ఫొటో కోసం ఎండలో ఆగాలి. సిగ్నల్ లేక ఫొటో ఎక్కకపోతే ఆ రోజు కూలి గల్లంతు. ఇంత చేసీ ఏమైంది? ఫొటోను ఫొటో తీసి పెడుతున్నారని, పనితో సంబంధం లేని బొమ్మలు ఎక్కిస్తున్నారని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. మస్టర్‌లో దొంగ పేరు రాసిన చేయే యాప్‌లో దొంగ ఫొటో పెట్టింది. అవ్వను అడిగి ఉంటే చెప్పేది.

అదే ఏడాది డిసెంబరులో ఉపాధి హామీ చట్టం స్థానంలో 125 రోజుల పనికి పార్లమెంటు కొత్త చట్టం చేసింది. పథకం పేరేదైనా కావచ్చు. నాకు ఆందోళన కలిగించేవి ఇంకో రెండున్నాయి. ఒకటి, రాష్ట్ర సమాచార కమిషన్. 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా తెలంగాణ కమిషన్‌లో ఒక్క కమిషనరూ లేరు. రెండేళ్లకు పైగా అప్పీళ్లు వినే దిక్కు లేదు. సమాచారం ఇవ్వకపోతే ఏమవుతుందో ఆఫీసులకు ఆ రెండేళ్లలో బాగా తెలిసొచ్చింది: ఏమీ కాదు. ఏ పార్టీ ప్రభుత్వమైనా ఈ విషయంలో ఒక తానులో ముక్కే, ఈ ఖాళీలో వరుసగా వచ్చిన రెండు ప్రభుత్వాలకూ వాటా ఉంది.

రెండోది ఇంకా లోతైంది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షనును మార్చింది, ఆ మార్పు 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. వ్యక్తిగత సమాచారం అయినా ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చని ఆ సెక్షనులో ఉన్న మాటలు పోయాయి. ప్రజాప్రయోజనం గురించి వేరే సెక్షను మిగిలే ఉందని ప్రభుత్వం అంటుంది. నిజమే, ఉంది. కానీ మండలాఫీసులో కూర్చున్న సమాచార అధికారి ఏ సెక్షను వెతుక్కుంటాడో ఊహించడం కష్టం కాదు. మస్టర్ రోల్ అంటే పేర్ల పట్టీ. పింఛన్ల జాబితా పేర్ల పట్టీ. రేషన్ జాబితా కూడా అంతే. పేర్లు తీసేసి, ఫలానా ఊళ్లో ఇంతమందికి ఇంత కూలి చెల్లించాం అని చెబితే, మూడు రోజులు పెళ్లిలో ఉన్నానని లేచి చెప్పేదెవరు? సామాజిక తనిఖీ నడిచేదే పేరు పెట్టి పిలవడం మీద. అవ్వ పేరును ఆమెను కాపాడటానికి దాస్తున్నారా, ఆమె పేరు మీద తిన్నవాడిని కాపాడటానికి దాస్తున్నారా అన్నది అడగాల్సిన ప్రశ్న.

సామగ్రి బిల్లుల చిక్కుముడికి ఒక కొస మాత్రం ఇప్పటికే మన చేతిలో ఉంది, దాన్ని పట్టుకున్నవాళ్లు తక్కువ. సమాచార హక్కు చట్టం 2(జె) సెక్షను కాగితాల నకలు ఒక్కటే ఇవ్వమనలేదు. జరుగుతున్న పనిని వెళ్లి పరిశీలించే హక్కు ఇచ్చింది, వాడుతున్న సామగ్రి నమూనాను ధ్రువీకరించి ఇవ్వమని అడిగే హక్కు ఇచ్చింది. కంకర, ఇసుక, సిమెంటు కలిపిన ముద్ద, ఏదైనా. మన రాష్ట్రంలో దరఖాస్తు రుసుము గ్రామస్థాయి కార్యాలయానికి అసలే లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. తెల్లకార్డు ఉంటే అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఊళ్లో సీసీ రోడ్డు పడుతుంటే పని అంచనా పత్రం, కొలతల పుస్తకంలో ఆ పనికి సంబంధించిన పేజీలు, సిమెంటు కొన్న బిల్లులు, రోడ్డు నుంచి కోసిన ఒక నమూనా ఇవ్వమని పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగాన్ని ఒకే కాగితం మీద అడగొచ్చు. నమూనా తీయడానికి అయ్యే ఖర్చు దరఖాస్తుదారే పెట్టుకోవాలి. ఆ ముక్కలో సిమెంటు ఎంతో తేల్చడానికి ఊళ్లో ఎవరికీ చదువు చాలకపోవచ్చు. నిజామాబాద్‌లో ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది, సివిల్ చదివిన పిల్లలు ప్రతి మండలంలో ఉన్నారు, వాళ్లలో పనుల్లేక ఖాళీగా ఉన్నవాళ్లూ ఉన్నారు. తనిఖీ బృందానికి కూలోళ్ల పిల్లలతో పాటు ఇలాంటి ఒకరిద్దరిని, ఒక టేపును, కాంక్రీటు ముక్క కోసే యంత్రాన్ని కలిపి ఊళ్లోకి పంపడానికి పార్లమెంటు అక్కర్లేదు, జిల్లా కలెక్టర్ తలచుకుంటే చాలు.